టేపు పట్టకుండానే సంతకాలు

హైదరాబాద్‌లో మా బాబాయికి 400 గజాల స్థలం ఉంది. ముఖం 60 అడుగులు, లోతు 60 అడుగులు. కట్టిన ఫ్లాట్లు చెరిసగం పంచుకునే లెక్కన దాన్ని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. అగ్రిమెంట్ రిజిస్ట్రేషన్ కూడా అయిపోయాక ఆర్కిటెక్ట్ వచ్చి గేటు ముందు టేపు పట్టారు. దస్తావేజులో 30 అడుగుల రోడ్డు, టేపులో 24. ఏళ్ల తరబడి ఆ రోడ్డు మీదే తిరిగాం. ఒక్కరమూ కొలవలేదు.

ఆరడుగులే కదా అనిపిస్తుంది. కానీ రోడ్డును 30 అడుగులు చేయడానికి లోటులో సగం, అంటే 3 అడుగులు, మన స్థలంలోంచి వదలాలి. 60 అడుగుల పొడవునా 3 అడుగులంటే 180 చదరపు అడుగులు, అచ్చంగా 20 గజాలు. సెట్‌బ్యాక్, అంటే కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ, మళ్లీ ఆ గీత నుంచే మొదలు. నోటిమాటగా అనుకున్న ఫ్లాట్ల సైజులన్నీ తగ్గిపోయాయి. బిల్డర్ మోసం చేశాడని నేను అనను, ఆయనా కొలుచుకోలేదు.

మన దగ్గర ఆర్కిటెక్ట్‌ను పిలిచే వరుసే తలకిందులుగా ఉంది. ముందు బ్రోకర్, తర్వాత లాయర్, ఆ తర్వాత వాస్తు సిద్ధాంతి. అడ్వాన్సులు చేతులు మారాక, చిట్టచివర ఆర్కిటెక్ట్. ఒక స్థలంలో ఎంత కట్టొచ్చో తెలియకుండా దాని ధర ఎలా కడతాం? భవన నిర్మాణ నిబంధనలు చెప్పే 2012 నాటి జీవో 168, దాని సవరణలు చూస్తే, ఎంత ఎత్తు లేపొచ్చు, చుట్టూ ఎంత వదలాలి అన్నవి ప్లాట్ సైజును, రోడ్డు వెడల్పును బట్టి మారిపోతాయి. పక్కపక్క వీధుల్లో ఉన్న రెండు 400 గజాల ప్లాట్లు ఒకే రేటుకు దొరికినా, పెట్టుబడిగా అవి ఒకటి కావు. ఈ లెక్క తేల్చడానికి ఆర్కిటెక్ట్‌కు పెద్ద సమయం పట్టదు. దానికిచ్చే ఫీజు దండగ అనుకోవడమే నాకు బాధ కలిగించే విషయం.

పర్మిషన్ రాగానే ఆర్కిటెక్ట్ పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. మున్సిపాలిటీకి పెట్టే షీటు వేరు, మేస్త్రీ చేతిలో ఉండాల్సిన, ప్రతి కొలతా చూపించే వర్కింగ్ డ్రాయింగులు వేరు. నేనుండే అపార్ట్‌మెంట్‌లో స్టిల్ట్‌లోకి, అంటే కింద పిల్లర్ల మధ్య ఉన్న పార్కింగ్‌లోకి వస్తే ఆ తేడా కనిపిస్తుంది. నా పార్కింగ్ పక్కనున్న పిల్లర్ జానెడు లోపలికి వచ్చింది. ఎడమ తలుపు తెరుచుకోదు. మా అమ్మను గేటు దగ్గరే దింపి, కారు లోపల పెట్టుకోవాలి. కాగితం మీద సరిచేయడానికి ఐదు నిమిషాలు పట్టే తప్పు అది, ఇప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

2020లో తెలంగాణలో ఇళ్ల పర్మిషన్ల కోసం టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీదే, అంటే ప్లాన్ నిబంధనల ప్రకారమే ఉందని యజమాని ఇచ్చే హామీ మీదే, పర్మిషన్ వచ్చే వీలు కలిగింది. మంచిదే. కాకపోతే ప్లాన్‌లో తప్పుంటే ఆ బాధ్యత కూడా సంతకం పెట్టిన యజమానిదే.

పెద్ద ప్రాజెక్టుల్లో రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే రెరా చట్టం ఆర్కిటెక్ట్‌కు గట్టి పాత్రే ఇచ్చింది. కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. అందులోంచి బిల్డర్ డబ్బు తీయాలంటే ఇంజనీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్లు ఇవ్వాలి. అయితే ఆ ఆర్కిటెక్ట్‌కు ఫీజు ఇచ్చేది బిల్డరే. అందుకే స్థల యజమాని తన తరఫున వేరే ఆర్కిటెక్ట్‌ను పెట్టుకోవాలంటాను, రెండు మూడు సిట్టింగులకైనా సరే. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి కాబట్టి, ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడొద్దు.

బాబాయి వాళ్లు చివరికి సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాసుకున్నారు. ఈసారి దానికి డ్రాయింగు జతచేశారు. ఏ ఫ్లాట్ ఎవరిది, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు) ఎంత, ఏ పిల్లర్ల మధ్య ఎవరి పార్కింగ్, అన్నీ అందులో ఉన్నాయి. సంతకం పెట్టే ముందు పిన్ని ఆ షీటు మీద వేలు పెట్టి అడిగింది, “రోడ్డు ఎంతని వేశారు?”