ఈసారి మహమ్మారిలో ఎవరూ చావరట!

ఓ ఆసుపత్రి మహమ్మారి సన్నద్ధత చెక్‌లిస్టు ఇవాళ కంటబడింది. ఆక్సిజన్ ప్లాంటుకి టిక్కు, వెంటిలేటర్లకి టిక్కు, పడకలకి టిక్కు. మార్చురీ దగ్గరకొచ్చేసరికి ‘వర్తించదు’ అని రాసి కింద సంతకం! శుభం.

2020లో మాడ్రిడ్‌లో ఐస్ స్కేటింగ్ రింకునే మార్చురీగా మార్చారు. న్యూయార్కులో ఆసుపత్రుల బయట రిఫ్రిజిరేటర్ లారీలు నిలబెట్టారు. అంతటి వాళ్లకే దిక్కుతోచలేదు. మన దగ్గర ఆరు అరల ఫ్రీజరు ఒకటి, అందులో రెండు తలుపులకి రబ్బరు చిరిగిపోయి ఉంటుంది. కండెన్సరుకి పట్టిన దుమ్ము దులిపే నాథుడుండడు. డిస్‌ప్లే 4 డిగ్రీలు చూపిస్తోందని మురిసిపోతారు గానీ, లోపల ఓ థర్మామీటరు పెట్టి చూస్తే కదా తెలిసేది! కరెంటు పోతే జనరేటర్ లైను ఐసీయూకి ఉంది, ఆపరేషన్ థియేటరుకి ఉంది, పెద్దసారు గది ఏసీకీ ఉంది (పాపం, ఉక్కపోత). మార్చురీకే లేదు.

పోనీ ఇంకో నాలుగు ఫ్రీజర్లు కొంటే సరిపోతుందా? రోజుకి పది శవాలొచ్చి, ఒక్కోటీ మూడు రోజులుంటే 30 అరలు కావాలి. ఒక్క రోజులో పంపించేస్తే పది చాలు. మిగతా రెండు రోజులూ దేనికి పోతున్నాయి? ఫారం 4 (చావుకి కారణం రాసిచ్చే కాగితం) మీద డాక్టరు సంతకం కోసం. ఎంఎల్‌సీ (పోలీసుల దాకా వెళ్లే మెడికో లీగల్ కేసు) అయితే పంచనామాకి ఎస్సై రావడం కోసం. ఆ తర్వాత బండి కోసం.

ఇక శవాలు తారుమారవడం. శవాన్ని ఉంచే బ్యాగుని బయటవైపు 1 శాతం హైపోక్లోరైట్‌తో (బ్లీచింగు ద్రావణంతో) శుభ్రం చేయొచ్చని 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన కాగితంలో చెప్పింది. చేశారు. బ్యాగు మీద పెన్నుతో రాసిన పేరూ, ఐపీ (ఇన్‌పేషెంటు) నంబరూ దాంతోపాటే తుడిచిపెట్టుకుపోయాయి! బ్లీచింగు ముందు సిరా నిలుస్తుందా? కాలికి ఒక ట్యాగు, జిప్పుకి ఒక ట్యాగు, రెండిటికీ ప్లాస్టిక్ తొడుగు, రిజిస్టర్లో అదే నంబరు. ఇంతే కదా పని. జిప్పు కాస్త తీసి ముఖం బంధువులకి చూపించొచ్చని కూడా అదే కాగితంలో ఉంది. ఎంతమంది చూపించారు?

అన్నట్టు ఆ ద్రావణం కూడా: 5 శాతం హైపోక్లోరైట్ లీటరుకి నాలుగు లీటర్ల నీళ్లు, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. వారం కిందటి డబ్బాలో మిగిలేది వాసనే.

2020 మే 3న హెలికాప్టర్లతో ఆసుపత్రుల మీద పూలు చల్లారు, గుర్తుందిగా? మార్చురీ వెనక గేటు దాకా ఒక్క రేకైనా వచ్చిందా? శవం ఎత్తడానికి నలుగురు కావాల్సిన చోట డ్యూటీలో ఉండేది ఇద్దరు. బరువుకి బ్యాగు పిడి తెగితే తిట్లు వాళ్లకే. జీతం ఏజెన్సీవాడు ఇచ్చినప్పుడే జీతం. పైగా ‘మార్చురీ సిబ్బంది డబ్బులు గుంజుతున్నారు’ అని స్క్రోలింగులు! మందపాటి గ్లవుజులు అడిగితే బడ్జెట్ లేదంటారు. గేటుకి రంగులేసి శిలాఫలకం బిగించడానికి మాత్రం ఎక్కడ లేని బడ్జెట్టూ ఊడిపడుతుంది.