టోక్యో గూఢచారి అంటే నాకు గుర్తొచ్చేది బాండ్ కాదు, ఒజాకీ

జపాన్‌లో జరిగే స్పై సినిమా పేరు అడిగితే చాలామంది 1967 నాటి బాండ్ సినిమా ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ అనే చెబుతారు. హిమేజీ కోటలో నింజాల శిక్షణ, టొయోటా 2000 జీటీ కారు, అగ్నిపర్వతం కడుపులో రాకెట్ స్థావరం, అన్నీ కన్నులపండుగే. ఆ స్థావరాన్ని కళా దర్శకుడు కెన్ ఆడమ్ ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో సెట్ వేశాడంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. కానీ ఆరడుగుల పైన ఉండే షాన్ కానరీకి జుట్టూ కనుబొమలూ మార్చి, జపాన్ పల్లెలో జాలరిగా తిప్పే దగ్గర నాకు సినిమా మీద ఆసక్తి పోతుంది. ఊళ్లో ఒక్కరికీ అనుమానం రాదా? ఎవరైనా పోల్చుకుంటారేమోనన్న భయమే గూఢచారి కథకు ప్రాణం, అది లేకపోతే ఇక టెన్షన్ ఎక్కడిది!

ఆ భయం నిండా ఉన్న కథ టోక్యోలో నిజంగానే జరిగింది. సోవియట్ గూఢచారి రిచర్డ్ జోర్గె వేషం మార్చలేదు, జర్మన్ విలేకరిగానే 1933లో అక్కడికి వెళ్లి, నాజీ పార్టీలో చేరి, జర్మన్ రాయబారి ఓట్‌కి ప్రాణ స్నేహితుడై, రాయబార కార్యాలయంలో తెలిసిందంతా మాస్కోకి పంపేవాడు. 1941లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దాడి చేయబోతున్నాడని హెచ్చరిస్తే స్టాలిన్ నమ్మలేదు. ప్రాణం పణంగా పెట్టి తెచ్చిన కబురుకి దక్కిన విలువ అదీ.

మసాహిరో షినోడా 2003లో ఈ కథనే ‘స్పై జోర్గె’గా తీశారు. దర్శకుడిగా ఆయన ఆఖరి సినిమా అది. దాదాపు మూడు గంటలు, నడక నెమ్మది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయినా నేను దాని వైపే ఉంటాను, ఎందుకంటే ఇక్కడ జపాన్ వెనకాల కనిపించే అందమైన తెర కాదు, ఆ దేశం యుద్ధంలోకి ఎలా జారిపోయిందో చూపించాలన్నదే ఆయన తపన, అందుకే జోర్గెతో పాటు హొత్సుమి ఒజాకీకీ అంత చోటిచ్చారు.

ఒజాకీ అసాహి పత్రికలో పనిచేసిన జర్నలిస్టు, చైనా వ్యవహారాల్లో నిపుణుడు. ప్రధాని కొనోయే సలహాదారులు పొద్దున్నే టిఫిన్ చేస్తూ దేశ వ్యవహారాలు మాట్లాడుకునే బృందంలో ఒకడు. అక్కడ విన్నవి జోర్గెకి చేరవేసేవాడు, డబ్బు కోసం కాదు, ఈ యుద్ధాలు తన దేశాన్నే ముంచుతాయని నమ్మి. ద్రోహి అందామా, దేశభక్తుడు అందామా? నాకైతే మొదటి మాట నోట రాదు. 1944 నవంబర్ 7న సుగామో జైల్లో ఇద్దరినీ ఉరితీశారు. జైలు నుంచి భార్యకీ కూతురికీ ఒజాకీ రాసిన ఉత్తరాలు యుద్ధం ముగిశాక పుస్తకంగా వస్తే జపాన్ జనం విరగబడి చదివారు.

మళ్లీ ఎవరైనా ఈ సినిమా తీస్తే కెమెరాని ఆ టిఫిన్ బల్ల దగ్గర పెట్టాలని నా కోరిక. తనని నమ్మి మాట్లాడుతున్న మిత్రుల మధ్య కూర్చుని, ఏ మాట మనసులో దాచుకోవాలో, ఏ మాట చేరవేయాలో తేల్చుకుంటున్న మనిషి ముఖం చాలు.