‘కాదు’ అంటే ఏమవుతుంది?

ఆదివారం పొద్దున్న విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్తే సంచులు పట్టుకున్న మగవాళ్ళు బాగానే కనిపిస్తారు. కాలం మారింది అనిపిస్తుంది. కాస్త ఆగి వినండి. చాలామంది చెవి దగ్గర ఫోను ఉంటుంది. "వంకాయలు పొడుగువా, గుండ్రటివా?" "పచ్చిమిర్చి ఇంట్లో ఉందా?" సంచి మోసేది ఆయన. ఇంట్లో ఏముంది, ఏం నిండుకుంది, బుధవారం పిల్లాడి బాక్సులోకి ఏం కావాలి, ఇవన్నీ బుర్రలో మోసేది ఆవిడ. ఆ ఫోన్లు చేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

దగ్గరి బంధాల్లో సమానత్వం సాధ్యమా అనగానే మనం పనుల లెక్క తీస్తాం. ఆ లెక్కా బాగాలేదు. 2024లో దేశవ్యాప్తంగా జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళకు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పోతున్నాయి. మగవాళ్ళకు 88. అదీ ఆ రోజు ఏదో ఒక పని చేసిన మగవాళ్ళ సగటు. నలుగురిలో దాదాపు ముగ్గురు ఏ పనీ ముట్టుకోలేదు కాబట్టి ఆ లెక్కలోకే రాలేదు.

అయితే నిమిషాలు సరిసమానం చేసేస్తే చాలా? నాకు నమ్మకం లేదు. గాజువాక వైపు స్టీల్‌ప్లాంటు ఉద్యోగుల ఇళ్ళు చూడండి. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి నిద్రపోకుండా పిల్లల్ని రెడీ చేసి స్కూలు ఆటో ఎక్కిస్తాడు. "మా ఆయన చాలా సాయం చేస్తారండీ" అంటుంది ఆవిడ, గర్వంగానే. సాయం అన్నామంటే ఆ పని అసలు ఇంకొకరిదని ఒప్పుకున్నట్టే. "మా ఆవిడ వంటలో నాకు సాయం చేస్తుంది" అన్న మగవాణ్ణి నేనింకా చూడలేదు.

మన భాషలోనే ఈ తేడా కూర్చుని ఉంది. భార్య ‘ఏమండీ’ అంటుంది, భర్త ‘ఏమే’ అంటాడు. వ్యాకరణం ఇంకా చిత్రం. అతను ‘వచ్చాడు’. ఆమె ‘వచ్చింది’, గేదె కూడా ‘వచ్చింది’. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి వస్తేనే ‘వచ్చారు’ అని మనుషుల్లో కలుపుతాం. రుషికొండ ఐటీ కంపెనీల్లో పనిచేసే కుర్ర జంటలు ఒకరినొకరు పేరుతోనో ‘రా’ అనో పిలుచుకుంటున్నారు, మంచిదే. పండక్కి అత్తగారింటికి వెళ్ళగానే ఆ అమ్మాయి నోట ‘మీరు’ వచ్చేస్తుంది. అబ్బాయి పిలుపు ఏ ఇంట్లోనూ మార్చుకోనక్కర్లేదు.

కొలవాలంటే నేను చూసేది ఒక్కటే: ఇద్దరిలో ఎవరైనా ‘కాదు’ అంటే ఏమవుతుంది? జబ్బు చేసినప్పుడు, పురిటి రోజుల్లో, ఉద్యోగం పోయినప్పుడు ఒకరి భారం ఇంకొకరి మీద పడుతుంది. అక్కడ తూకం సరిగ్గా ఉండాలనడం మూర్ఖత్వం. మాట కాదన్నందుకు ఇద్దరూ చెల్లించే మూల్యం ఒకటే అయితే ఆ బంధం సమానమే అంటాను. అలాంటి ఇళ్ళు కొన్ని చూశాను. వాటిలో ఆవిడ పేరు మీద జీతమో ఇల్లో ఉంది. వట్టి ప్రేమతో కుదిరిన ఇల్లు మాత్రం నాకు తగల్లేదు.

ఇది భార్యాభర్తలతో ఆగేది కాదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే మన రాష్ట్రంలో అమల్లో ఉంది. అప్పటికే పెళ్ళయినవాళ్ళను అందులో చేర్చలేదు. దేశమంతటికీ వర్తించే సవరణ 2005లో వచ్చింది, పెళ్ళి షరతు లేకుండా. కాగితం మీద అన్నాచెల్లెళ్ళు సమానం. మధురవాడ వైపు స్థలాల ధరలు పెరిగాక ఆ సమానత్వానికి పరీక్ష మొదలైంది. అమ్మకానికి బేరం కుదరగానే చెల్లెలికి ఫోను వస్తుంది: "ఒక్క సంతకం పెట్టేయమ్మా, పసుపు కుంకుమలకి నీకిచ్చాం కదా." ఆమె పుట్టింటి గుమ్మం గుర్తుచేసుకుని పెట్టేస్తుంది. పెట్టనంటే, "నా వాటా నాకు కావాలన్నయ్యా" అంటే, ఆ ఏడాది సంక్రాంతికి పిలుపు రాదు. తమ్ముడు తన వాటా అడిగితే మాత్రం సర్వేయరుని పిలిచి, కొలిపించి, అందరూ కలిసే భోజనానికి కూర్చుంటారు.