చిహిరోకి పీఎఫ్ ఉందా?

మా అమ్మాయి ‘స్పిరిటెడ్ అవే’ అనే జపాన్ బొమ్మల సినిమా చూడటం ఇది నాలుగోసారి. తండ్రిగా నా బాధ్యత కొద్దీ పక్కనే కూర్చుని, మిర్చి బజ్జీలు తింటూ ఓ కన్నేసి ఉంచాను. అప్పుడు తట్టింది, ఇది పిల్లల సినిమా కాదు, బాలకార్మికుల కేసు.

జపాన్ కార్మిక చట్టం ప్రకారం పిల్లలకి 15 ఏళ్లు నిండి, ఆ తర్వాత వచ్చే మార్చి 31 దాటేదాకా పనిలో పెట్టుకోకూడదు. 13 నిండినవాళ్లయితే తేలికపాటి పనులు చెయ్యొచ్చు, అదీ అధికారుల అనుమతి ఉంటేనే. రాత్రి పని అసలే కుదరదు. మరి ఈ సినిమా నాయిక చిహిరో? వయసు 10. పని, దేవుళ్లూ భూతాలూ వచ్చిపోయే స్నానశాలలో. డ్యూటీ, పొద్దుగూకాక. ఆ పిల్ల జీతం ఎంతని కూడా అడగలేదు. ‘ఇక్కడ పని చేయనివ్వండి’ అని మాత్రం అడుగుతూనే ఉంది. యజమానురాలు యుబాబా అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుని, పేరులోని 4 అక్షరాల్లో 3 అక్కడికక్కడే లాగేసుకుంది. మిగిలిన ఒక్క అక్షరంతో పిల్ల ‘సెన్’ అయింది. పీఎఫ్ కోత చూశాం, టీడీఎస్ కోత చూశాం. చేరిన రోజే పేరులో 75 శాతం కోసేసిన కంపెనీని మాత్రం ఇక్కడే చూశాను.

బాయిలర్ గదిలో సంగతి మరీ అన్యాయం. బొగ్గు మోసే మసి బుడత ఒకటి బరువుకి నలిగిపోతే, జాలిపడి చిహిరో ఆ బొగ్గు ఎత్తుతుంది. ఎత్తాక ఎక్కడ వెయ్యాలో తెలియదు. దింపబోతే ఆరు చేతుల కమాజీ తాత కసురుతాడు, చెయ్యి పెట్టినదానివి చివరిదాకా చెయ్యి అని. ట్రైనింగ్ అంతా ఆ ఒక్క కసురే. మర్నాడు నేల తుడుపు. తడిగుడ్డని రెండు చేతులతో అదిమిపట్టి, నడుం వంచి, ఆ చివరిదాకా పరుగెత్తాలి. అలవాటైన ఆడవాళ్లు సర్రున పోతుంటే ఈ పిల్ల వెనకబడి రొప్పుతూ ఉంటుంది. అంతకుముందే అక్కడ పనిచేసే కుర్రాడు హాకు ఆమె చేతిలో అన్నం ముద్ద పెడితే, అది తింటూ ఏడ్చింది కూడా. గోళీకాయలంత కన్నీటి చుక్కలు. నేను బజ్జీ కారం వల్ల కళ్లు తుడుచుకున్నాను.

ఈ సినిమాని దర్శకుడు మియాజాకి తన స్నేహితుల పదేళ్ల ఆడపిల్లల కోసం తీశాడట. 2001లో వచ్చింది, 2003లో ఆస్కార్ కొట్టింది. పదేళ్ల పిల్లకి కానుకంటే మనం గౌనో సైకిలో అనుకుంటాం. ఆయన తడిగుడ్డ ఇచ్చాడు. సైకిలు కూడా ఉందిలెండి, కంపుదేవుడి ఒంట్లోంచి చిహిరో తాడు కట్టి లాగితే బయటపడిన తుక్కు సైకిలు.

కేసు వేద్దామంటే అదీ నిలవదు. 13 ఏళ్ల లోపు పిల్లలకి కూడా ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉంది: సినిమాలు, నాటకాలు. చిహిరో పని చేసేది సినిమాలోనే. ఎవరు పెట్టిన లాయరో గానీ గట్టివాడు.

1989లో వచ్చిన మియాజాకి సినిమా ‘కికీస్ డెలివరీ సర్వీస్’లో చిన్నారి మంత్రగత్తె కికీకి సరిగ్గా 13. ఆ వయసు రాగానే ఇల్లు విడిచి వేరే ఊళ్లో బతకాలన్నది మంత్రగత్తెల ఇంటి ఆచారం. మనమూ ఆ వయసుకే ఐఐటీ ఫౌండేషన్ అని హాస్టల్లో పడేస్తాం, కాకపోతే ఎగరడానికి చీపురు ఇవ్వం. కికీ డెలివరీ పని మొదలెట్టింది. ఒక మామ్మగారి ఓవెన్ పని చెయ్యకపోతే, తనే కట్టెల పొయ్యి రాజేసి, చేపతో చేసే ‘పై’ అనే పిండివంటకం కాల్పించి, వానలో తడుస్తూ తీసుకెళ్లింది. తలుపు తీసిన మనవరాలు ఏమంది? నాకీ ‘పై’ ఇష్టమే లేదు అంది, తలుపేసుకుంది. కికీ జ్వరంతో మంచమెక్కింది. అప్పటికి స్టార్ రేటింగ్ లేకపోవడం ఒక్కటే ఊరట.

టీవీ బొమ్మల సీరియల్ ‘సైలర్ మూన్’ నాయిక ఉసాగికి 14. స్కూలుకి లేటు, మార్కులు అంతంతమాత్రం, ముట్టుకుంటే ఏడుపు. 1992 నుంచి లోకరక్షణ ఆమెకే అప్పజెప్పారు. ఆ పొట్టి స్కర్టుతో, మడమల బూట్లతో యుద్ధమేమిటని అడిగితే నన్ను చాదస్తం అంటారు, అడగను. ఆమె వేషం మారేదాకా రాక్షసులు మర్యాదగా ఆగుతారు. ప్రతి వారం అవే బొమ్మలు మళ్లీ వాడుకుంటే స్టూడియోకి ఖర్చు తగ్గుతుంది, ఆమె చేతిలో కర్ర బొమ్మల కొట్లో అమ్ముడుపోతే ఇంకా కలిసొస్తుంది.

2011లో ‘మడోకా మాజికా’ అనే మరో సీరియల్ వచ్చి ఉన్నమాట ఒప్పుకుంది. క్యూబే అనే ముద్దొచ్చే తెల్లజంతువు బడిపిల్లల దగ్గరికొచ్చి, ఒక కోరిక తీరుస్తాను, కాంట్రాక్టు కుదుర్చుకో అంటుంది. ప్రాణం తీసి రాయిలో పెడతారన్న షరతు తర్వాత తెలుస్తుంది. ముందే ఎందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదు కదా అంటుంది. నాకు తెలిసిన హెచ్‌ఆర్‌లలో ఇంత సూటిగా మాట్లాడింది ఇదొక్కటే.

ఇంతకీ పెద్దవాళ్లెక్కడ? మియాజాకిదే ఇంకో సినిమా ‘టొటొరో’లో నాన్న నిద్రలేచేసరికి పెద్దకూతురు సత్సుకి అందరికీ లంచ్ బాక్సులు కట్టే పనిలో ఉంది. చిహిరో అమ్మానాన్నలు అడక్కుండా తిన్నందుకు పందులై దొడ్లో ఉన్నారు. వీళ్లందరి పనీ పిల్ల నెత్తిన పడితే మనం దానికి ధైర్యం, స్వతంత్రం అని పేరు పెట్టుకుని చప్పట్లు కొడుతున్నాం. నాకైతే ఈ ఏర్పాటు బాగా నచ్చింది. వెంటనే అమలు చెయ్యబోయాను.

“చూశావా, నీకంటే ఏడాది చిన్నది. ఎంత బుద్ధిగా నేల తుడుస్తోందో. నువ్వు తిన్న కంచం కూడా తియ్యవు.”

మా అమ్మాయి ఏమీ అనలేదు. రిమోట్ తీసి సినిమాని మొదటికి తిప్పింది. మనిషి లేని కొట్టు. అడగకుండానే ప్లేటు నింపుకున్న చిహిరో నాన్న, నేనున్నాగా, కార్డులున్నాయి, డబ్బులున్నాయి అంటూ నోట్లో కుక్కుకుంటున్నాడు.

అక్కడ పాజ్ చేసింది. ఒకసారి టీవీ వైపు చూసింది, ఒకసారి నా ఒళ్లో ఉన్న ప్లేటు వైపు చూసింది.

అందులో ఇంకా రెండు బజ్జీలున్నాయి.