ఎనిమిదో నెల స్కానింగ్‌లో తలకాయనూ చూడండి

ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ పరీక్షించే టిఫా స్కాన్ రిపోర్టు మీద ‘నార్మల్’ అని చూశాక మన ఇళ్లలో స్కానింగ్ బెంగ తీరిపోతుంది. ఎనిమిదో నెల గ్రోత్ స్కాన్ అంటే బిడ్డ బరువు, ఉమ్మనీరు చూసుకునే లాంఛనం. మెదడు నడుమ ఉండే పెద్ద రక్తనాళానికి వచ్చే గేలన్ సిర లోపం ఎక్కువగా బయటపడేది మాత్రం ఆ చివరి నెలల్లోనే.

ఇది అరుదైన లోపం. పిండానికి 6 నుంచి 11 వారాల వయసులోనే దీనికి బీజం పడుతుంది. ధమనుల్లోని రక్తం వెంట్రుకల్లాంటి సన్నని నాళాల గుండా నెమ్మదించి సిరలోకి చేరాలి. ఇక్కడ ఆ నాళాలే ఉండవు, ధమనులు నేరుగా సిరలోకి దూకుతాయి. ఆ ధాటికి సిర నెలల తరబడి ఉబ్బుతూ పోతుంది. 20 వారాలప్పుడు ఆనవాలు కూడా లేనిది, 30 దాటాక మెదడు నడిమధ్యన నల్లటి కోడిగుడ్డులా తేలవచ్చు. టిఫా చేసిన డాక్టరును తిట్టుకుని లాభం లేదు.

ఇబ్బందల్లా ఆ నలుపుతోనే. తెర మీద నీరూ నలుపే, రక్తమూ నలుపే. నీటితిత్తి అనుకుని వదిలేయడం తేలిక. రక్తం కదలికను రంగుల్లో చూపే కలర్ డాప్లర్ మీట నొక్కితే అదే మచ్చ ఎరుపు, నీలం కలిసి సుడులు తిరుగుతుంది. యంత్రంలో ఉన్న మీటే, పట్టేది నిమిషం. అది కూడా నొక్కనంత హడావుడి ఏమిటో!

కడుపులో ఉన్నన్నాళ్లూ రక్తంలో పెద్ద వాటాను మాయ లాక్కుంటుంది కాబట్టి బిడ్డ గుండె నెట్టుకొస్తుంది. బొడ్డు కోయగానే ఆ దారి మూసుకుపోయి, రక్తం మెదడులోని అడ్డదారి పడుతుంది. కొందరు పసికందుల గుండె గంటల్లోనే చేతులెత్తేస్తుంది. 2023 మార్చిలో బోస్టన్ వైద్యులు కాన్పుదాకా ఆగకుండా, 34 వారాల గర్భంలోనే తల్లి పొట్ట మీదుగా బిడ్డ తలలోకి సూది పంపి, సన్నని తీగచుట్టలతో ఆ ఉధృతికి అడ్డుకట్ట వేశారు. రెండు రోజులకే పుట్టిన బిడ్డకు గుండె మందులు అవసరం పడలేదు.

ఆ చికిత్స మన జిల్లాలకు ఎప్పటికి వస్తుందో గానీ, ముందే తెలిస్తే కాన్పు ఎక్కడన్నది మన చేతుల్లో ఉంటుంది. పుట్టాక ఊపిరాడని బిడ్డను అంబులెన్సులో హైదరాబాద్‌కో విశాఖకో తరలించే బదులు, నిండు చూలాలినే ముందుగా అక్కడికి చేర్చవచ్చు. అయితే అప్పటికే మెదడు దెబ్బతిని ఉంటే ఏ చికిత్సా పెద్దగా అక్కరకు రాదు. ఆ సంగతి ఎంఆర్ఐ తీసి, దాచకుండా చెప్పాలి. 24 వారాలు దాటినా, తీవ్ర లోపముంటే గర్భస్రావానికి మెడికల్ బోర్డును ఆశ్రయించే వీలును గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ ఇచ్చింది.

గ్రోత్ స్కాన్ రిపోర్టుల్లో తల గురించి సాధారణంగా రెండే అంకెలుంటాయి: అడ్డుకొలత, చుట్టుకొలత. వాటి కింద తల లోపల ఏం కనిపించిందో ఒక్క వాక్యం రాయమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.