తమకో తేదీ, టీచర్లకో తేదీ

2025 మార్చి 24, సోమవారం ఎంపీల జీతాలు, పింఛన్లు పెరిగాయి. మంగళవారం లోక్‌సభ ఆర్థిక బిల్లును ఆమోదించింది. పింఛనుదారులను రిటైరైన తేదీని బట్టి వేర్వేరు వర్గాలుగా చూసే అధికారం కేంద్రానికి ఉందని, అది ఎప్పటినుంచో ఉన్నట్టే భావించాలని ఆ బిల్లులో ఒక భాగం చెబుతోంది. గురువారం రాజ్యసభ కూడా దానికి సరేనంది. ఒకే వారంలో జరిగిన ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఎంపీల పెంపు 2023 ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుంది, అంటే రెండేళ్ల బకాయిలతో సహా. పింఛనుదారులను విడదీసే అధికారమేమో 1972 జూన్ నుంచే ఉన్నట్టట. రెండు చోట్లా తేదీ వెనక్కే నడిచింది. తమకు ఇచ్చుకోవడానికి ఒకసారి, ఇతరులకు ఎగ్గొట్టడానికి ఇంకోసారి.

ఢిల్లీలో జరిగినదానికి తిరుపతిలో కోపమెందుకని ఎవరైనా అడగవచ్చు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా బడుల్లో 2003 డీఎస్సీ టీచర్లు ఇప్పటికీ పాఠాలు చెబుతున్నారు గనుక. కొందరు ఇప్పటికే రిటైరయ్యారు గనుక. ఒక తేదీ మనిషి ముసలితనాన్ని ఏం చేస్తుందో చూడాలంటే పార్లమెంటు చర్చలు చదవనక్కర్లేదు, వాళ్లలో ఒకరిని పలకరిస్తే చాలు.

వాళ్ల కథ పాఠకులకు తెలియనిదేమీ కాదు. 2003లో నోటిఫికేషన్ వచ్చింది, దరఖాస్తు చేశారు, పరీక్ష రాశారు, ఎంపికయ్యారు. పోస్టింగు ఆర్డరు చేతికొచ్చేసరికి 2005 అయింది. ఈ మధ్యలో, 2004 సెప్టెంబరు 1 నుంచి చేరేవారందరికీ కాంట్రిబ్యూటరీ పింఛనే (సీపీఎస్) అని రాష్ట్ర ప్రభుత్వం జీఓ ఇచ్చింది. దరఖాస్తు చేసేనాటికి సీపీఎస్ అన్న మాటే రాష్ట్రంలో లేదు. ఉద్యోగంలో చేరేనాటికి అదే వాళ్ల నెత్తిన ఉంది. ఆలస్యం చేసింది ప్రభుత్వం. ఆ ఆలస్యానికి జీవితాంతం జరిమానా కడుతున్నది టీచరు.

ఆ జరిమానా ఎంతో లెక్క కడితే గానీ విషయం బోధపడదు. పాత పద్ధతిలో, అంటే 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్ ప్రకారం, పింఛను కోసం జీతంలోంచి పైసా కోయరు. 33 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి మూల వేతనంలో సగం పింఛను. సర్వీసు తక్కువైతే ఆ మేరకు తగ్గుతుంది. దానిమీద కరువు భృతి (డీఏ), పీఆర్సీ (వేతన సవరణ సంఘం) వస్తే సవరణ. పింఛనులో 40 శాతం దాకా కమ్యూట్ చేసి ఒకేసారి తీసుకోవచ్చు, 15 ఏళ్లకు ఆ భాగం మళ్లీ కలుస్తుంది. టీచరు పోతే భార్యకో భర్తకో కుటుంబ పింఛను. ఏడాదికోసారి బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవడం తప్ప వేరే తలనొప్పి లేదు. ఇదంతా ఖజానా నుంచి ఇస్తామన్న ప్రభుత్వపు మాట. షేర్ మార్కెట్ లేచినా పడినా ఆ మాట మారదు.

సీపీఎస్‌లో ఆ మాటే లేదు. మూల వేతనం, డీఏ కలిపిన మొత్తంలో నెలకు 10 శాతం కోస్తారు, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది, ఆ డబ్బు ప్రాన్ అనే పింఛను ఖాతా నంబరు మీద ఫండ్ మేనేజర్ల దగ్గరికి పోతుంది. రిటైరైన రోజు ఎంత పోగైతే అంత. అందులో 60 శాతం చేతికిస్తారు. మిగతా 40 శాతం పెట్టి బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనుక్కోవాలి. ఆ కంపెనీ నెలనెలా ఇచ్చేదే పింఛను. దానికి డీఏ లేదు, పీఆర్సీ లేదు. రిటైరైన నెలలో ఎంతో, ఎనభై ఏళ్ల వయసులోనూ అంతే. బియ్యం ధర మాత్రం రిటైర్ కాదు.

ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. 20 ఏళ్ల సర్వీసుతో, 80 వేల మూల వేతనం మీద ఒక టీచరు రిటైరయ్యారనుకుందాం. పాత పద్ధతిలోనైతే 33 ఏళ్లకు 40 వేలు రావాల్సిన చోట 20 ఏళ్లకు తక్కువలో తక్కువ 24 వేలు వస్తుంది, దానిపైన కరువు భృతి. అదే టీచరు సీపీఎస్ ఖాతాలో 30 లక్షలు పోగయ్యాయనుకుంటే 18 లక్షలు చేతికొస్తాయి, 12 లక్షలు యాన్యుటీకి పోతాయి. ఆరు శాతం గిట్టినా నెలకు 6 వేలు. ఆ 18 లక్షలూ ఇంటి అప్పుకో, కూతురి పెళ్లికో, స్విమ్స్ ఆసుపత్రి బిల్లుకో పోవని హామీ ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రావచ్చు. ఒకే బడిలో, ఒకే స్టాఫ్ రూములో, ఒకే సిలబస్ చెప్పిన ఇద్దరి మధ్య ఇంత తేడా రావడానికి ఉన్న కారణమల్లా ఒక తేదీ.

తొలి రోజుల్లో సీపీఎస్ టీచరు సర్వీసులో ఉండగా కన్నుమూస్తే ఆ ఇంటికి కుటుంబ పింఛను సైతం లేదు, గ్రాట్యుటీ లేదు. ఎన్నో ధర్నాలయ్యాక 2017లో గానీ ఆ రెండూ రాలేదు. జీతంలో కోసిన వాటా సకాలంలో ఖాతాలో జమ కావడం లేదన్న గోల వేరే ఉంది. దాన్ని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలే ఎత్తిచూపాయి కాబట్టి మేం మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఎంపీల సంగతి చూడండి. పింఛను 25 వేల నుంచి 31 వేలకు పెరిగింది. ఐదేళ్లు దాటి సభలో ఉంటే ప్రతి అదనపు ఏడాదికీ ఇంకో రెండున్నర వేలు. దీనికోసం వాళ్ల జీతంలోంచి 10 శాతం కోత లేదు, ప్రాన్ నంబరు లేదు, యాన్యుటీ లేదు. 33 ఏళ్ల లెక్కా లేదు, కనీస కాలమన్నదే లేదు. పెంపు కోసం ఎవరూ జంతర్ మంతర్ దగ్గర కూర్చోలేదు. ధరల సూచీని బట్టి ఐదేళ్లకోసారి తమకు తామే పెరిగేలా 2018లోనే చట్టంలో రాసుకున్నారు. రిటైరైన టీచరు యాన్యుటీకి పట్టని ధరల సూచీ మాజీ ఎంపీ పింఛనుకు మాత్రం ఠంచనుగా పట్టింది. దేశం మొత్తం ఖర్చులో ఇది పెద్ద మొత్తమేమీ కాదని మాకు తెలుసు. అయినా అత్త సొమ్ము అల్లుడు దానం చేసినా కొంత నయం, ఇక్కడ అల్లుడు తనకే దానం చేసుకున్నాడు. 2004 తర్వాత ఎన్నికైనవాళ్లకు పింఛను లేదని ఏ సభ అయినా తీర్మానించిందా? ప్రభుత్వోద్యోగుల నెత్తిన గీసిన గీత సభ్యుల కుర్చీల దగ్గరికి ఎందుకు రాలేదు?

పింఛను భారం రాష్ట్రాలను ముంచుతుందని, పాత పద్ధతికి మళ్లితే రేపటి తరం మీద బండ పడుతుందని రిజర్వ్ బ్యాంకు హెచ్చరించిన మాట నిజం. ఆర్థిక బిల్లులోని భాగం కొత్తదేమీ కాదని, ఉన్న విధానాన్నే ధ్రువీకరించామని కేంద్ర ఆర్థిక మంత్రి వివరణ ఇచ్చిన మాటా నిజం. ఉన్నదే అయితే 53 ఏళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ రాసుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఎందుకో మేం చెబుతాం. 1979లో కేంద్రం పింఛను లెక్కను కొంత మెరుగుపరిచి, ఆ ఏడాది మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ రిటైరైనవారికే ఇస్తామంది. అంతకు ముందు రిటైరైన డి.ఎస్. నకారా కోర్టుకెక్కారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ తేదీని కొట్టేసింది. పింఛను దయతో పడేసే బిచ్చం కాదని, ఒకే కోవకు చెందిన పింఛనుదారులను ఇష్టం వచ్చిన తేదీతో రెండు ముక్కలు చేయడం సమానత్వానికి విరుద్ధమని తేల్చింది. దేశమంతటా పెన్షనర్ల సంఘాలు ఏటా డిసెంబరు 17ను పండుగలా జరుపుకునేది అందుకే. 2025 మార్చిలో పార్లమెంటు చేసిన పని సూటిగా ఆ తీర్పు గుండె మీదే పడింది. తేదీ గీసే అధికారం కోర్టు లాక్కుంటే, బిల్లులో ఒక మూల రాసి తిరిగి తెచ్చుకున్నారు.

అది కేంద్ర ఉద్యోగులకే కదా, మన టీచర్లకు ఏమిటి అనేవారు 2004ను గుర్తు చేసుకోవాలి. కేంద్రం 2004 జనవరి 1న కొత్త పింఛను తెచ్చింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి అది హైదరాబాదు సచివాలయానికి చేరింది. ఢిల్లీలో గీసిన గీతను ఇక్కడ దించుకోవడానికి ఏ కమిటీ అవసరమూ రాలేదు. అదే ఢిల్లీ 2023 మార్చి 3న ఒక మంచి పని చేసింది. కొత్త పింఛను ప్రకటన వెలువడిన 2003 డిసెంబరు 22కు ముందే నోటిఫై అయిన పోస్టుల్లో ఆ తర్వాత చేరినవారికి పాత పద్ధతిని ఎంచుకునే అవకాశమిచ్చింది. మన టీచర్లు మెమో 57 అని పిలుచుకునేది దాన్నే. సరిగ్గా 2003 డీఎస్సీ వారి పరిస్థితికి సరిపోయే మందు. 2025 మార్చికి ఆ మెమో వచ్చి రెండేళ్లు నిండాయి. అప్పటికీ అమరావతిలో ‘పరిశీలన’ నడుస్తూనే ఉంది. చెడ్డ తేదీ ఎనిమిది నెలల్లో వస్తే మంచి మెమో రెండేళ్లయినా రాలేదు. దారి ఒక్కటే గదా మరి, నడకలో ఇంత తేడా ఎందుకు?

ఢిల్లీ దాకా ఎందుకు, పలమనేరు దాటి నంగలి చెక్‌పోస్టు అవతలికి వెళ్లి చూసి రండి. కర్ణాటక ప్రభుత్వం 2006 ఏప్రిల్‌కు ముందు వచ్చిన నోటిఫికేషన్లతో ఎంపికై, ఆ తర్వాత ఉద్యోగంలో చేరిన దాదాపు 13 వేల మందిని 2024 జనవరిలో పాత పింఛనులోకి తెచ్చింది. అక్కడ ఖజానాలేమీ పొంగిపొర్లడం లేదు. ఆలస్యం తమదని ఒప్పుకున్నారు, అంతే. వి.కోటలో పనిచేసే అయ్యవారికి కోలారు అయ్యవారి సంగతి తెలియదనుకుంటున్నారా?

మన నాయకుల్లో ఈ విషయంలో చేతులు కడుక్కోగలిగినవారు లేరు. సీపీఎస్ జీఓ వచ్చింది రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో. అధికారంలోకి వచ్చిన వారం రోజుల్లో రద్దు చేస్తామని ఊరూరా చెప్పింది జగన్‌మోహన్‌రెడ్డి. ఆ వారం ఐదేళ్లయినా పూర్తి కాలేదు, చివరికి రద్దుకు బదులు జీపీఎస్ (గ్యారంటీడ్ పెన్షన్ సిస్టమ్) చట్టం చేతిలో పెట్టి పోయారు. ప్రభుత్వం మారాక 2024 జూలైలో అదే జీపీఎస్ గెజిట్ బయటపడి టీచర్లు భగ్గుమంటే, ఇది మాకు తెలియకుండా వచ్చిందన్న ధోరణిలో కూటమి పెద్దలు మాట్లాడారు. సమీక్షించి అందరికీ ఆమోదయోగ్యమైన పరిష్కారం చూపుతామన్నది ఎన్నికల ముందు వాళ్లు ఇచ్చిన మాట. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రంలో యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) మొదలైంది. 25 ఏళ్ల సర్వీసుకు సగం పింఛను గ్యారంటీ అంటోంది. ఇక ఇక్కడ కూడా దాని పేరు చెప్పి ఇంకో ఏడాది నెట్టుకొస్తారేమోనన్న అనుమానం మాకుంది.

సీపీఎస్ మొత్తం రద్దు కావాలా, జీపీఎస్ మంచిదా, యూపీఎస్ మంచిదా అన్నది పెద్ద చర్చ. దానికి డబ్బు లెక్కలున్నాయి, తేలడానికి సమయం పట్టవచ్చు. 2003 డీఎస్సీ వారి సంగతి ఆ చర్చలో కలిపేది కాదు. వాళ్లు కొత్త వరమేమీ అడగడం లేదు, నోటిఫికేషన్ నాటి నిబంధనలను తమకు అమలు చేయమంటున్నారు. దీన్ని పెద్ద చర్చకు ముడిపెట్టి నానబెట్టడం ఎగ్గొట్టడానికి పాత ఎత్తు.

మమ్మల్ని అన్నిటికన్నా భయపెడుతున్నది వాళ్ల తర్వాత రాబోయేవాళ్ల సంగతి. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ మీద ముఖ్యమంత్రి తొలి సంతకం చేసింది 2024 జూన్‌లో. నోటిఫికేషన్ 2025 ఏప్రిల్ దాకా రాలేదు. అప్పటిదాకా తిరుపతిలో బాలాజీ కాలనీ, ఎయిర్ బైపాస్ రోడ్డు కోచింగ్ సెంటర్లలో, అద్దె గదుల్లో పిల్లలు నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. రేపు ఇంకో డీఎస్సీ నోటిఫికేషన్‌కూ పోస్టింగుకూ మధ్య ప్రభుత్వం ఇంకో తేదీ గీస్తే, పింఛనో పీఆర్సీనో ప్రొబేషనో మార్చేస్తే, అలాంటి పిల్లలను ఎవరు కాపాడతారు? 2003 వారికి చెల్లిందంటే రేపటి వారికీ చెల్లుతుంది. తన ఆలస్యాన్నే సాకుగా చూపి ప్రభుత్వం మాట మార్చవచ్చని ఒకసారి ఒప్పుకుంటే, ఇక ఏ నోటిఫికేషన్‌ను నమ్మి ఎవరు పరీక్ష రాయాలి?

తిరుపతి, చిత్తూరు ఎంపీలు చెరొక పార్టీవారు. పింఛను పెంపు ఇద్దరికీ వర్తిస్తుంది. పింఛనుదారులను తేదీతో చీల్చే భాగంపై వాళ్ల వైఖరి ఏమిటో, ఎంపీలకొచ్చిన రెండేళ్ల బకాయి మీద వాళ్ల అభిప్రాయం ఏమిటో ఓటర్లకు చెప్పాలి. సిగ్గుపడాల్సిన పని లేదనుకుంటే నోరు విప్పడానికి అడ్డేముంది?

ముఖ్యమంత్రి చంద్రబాబు ఈ జిల్లా మనిషి, కుప్పం ఎమ్మెల్యే. 2003 డీఎస్సీ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నదీ ఆయనే. సీపీఎస్ తాను తెచ్చింది కాదని అనుకోవచ్చు గానీ, ఆ నోటిఫికేషన్ మాత్రం తన ప్రభుత్వానిదే. దానిమీద ఇచ్చిన మాటను నిలబెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కేంద్రం మెమోను అనుసరిస్తూ ఒక జీఓ చాలు. ఎంపీల ఫైలు రెండేళ్లు వెనక్కి నడిచినప్పుడు ఈ ఫైలు ఒక బల్ల మీదినుంచి పక్క బల్ల మీదికి నడవలేదా? కమిటీలు, ఉపసంఘాలు, పరిశీలన అన్న మాటలు మాకు వినిపించవద్దు. ఆ టీచర్లలో ప్రతి నెలా ఎవరో ఒకరు రిటైరవుతున్నారు, మీరు సంతకం చేయని ప్రతి నెలా ఇంకో ఇల్లు 6 వేల లెక్కలో పడుతోంది.