టైగర్ టెన్షన్, నా ప్రకృతి వైద్యం

మనిషి కంగారుపడితే 'కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు' అంటాం. ఇన్నేళ్లుగా ఆ మాట వాడుకుంటున్నామే గానీ, ఆ పిల్లికి కాలెందుకు కాలింది, ఇప్పుడెలా ఉంది అని ఒక్కరమైనా అడిగామా? అడగలేదు. ఆ పాపానికి పరిహారమే ఇప్పుడు చేసుకుంటున్నాం. పిల్లి మూల కూర్చుంటే డిప్రెషన్ అంటున్నాం, లేచి తిరిగితే యాంగ్జైటీ అంటున్నాం, నిద్రపోతే ఫొటో తీస్తున్నాం.

మా కుక్క పేరు టైగర్. పేరు పెట్టేనాటికి వాడి వయసు రెండు నెలలు. ఉరుముల విషయంలో వాడి అభిప్రాయం ఏమిటో అప్పటికి మాకు తెలియదు. ఇప్పుడు బాగా తెలుసు. మబ్బు పడితే చాలు, మంచం కింద దూరి, ముక్కు ఒక్కటి బయటపెట్టి గడగడా వణుకుతాడు. నేను బయటికి వెళ్లబోతూ తాళాల గుత్తి తీస్తే, ఆ చప్పుడుకే రొప్పడం మొదలు. పిల్లి తరహా వేరు. దానికి టెన్షన్ వస్తే ఎవరికీ చెప్పుకోదు. లిట్టర్ బాక్స్ వదిలేసి నా దిండు మీద పోసి, తోక ఎత్తుకుని వెళ్లిపోతుంది.

ఈ ఇద్దరి ఆందోళననూ మందూ మాకూ లేకుండా 'నేచురల్'గా తగ్గించాలని ఇంట్లో తీర్మానం చేశాం. అంటే నేనూ మా ఆవిడా చేశాం. టైగర్ ఓటింగులో పాల్గొనలేదు, మంచం కింద ఉన్నాడు.

ముందుగా లక్షణాల గురించి చదివాను. చదవకుండా ఉండాల్సింది. కుక్క ఆవలిస్తే నిద్రొస్తోందనుకునే అమాయకుల్లో నేనూ ఒకణ్ని. నిద్ర వేళ కానప్పుడు ఆవలించడం, తిండి ఊసే లేనప్పుడు పెదాలు నాక్కోవడం, కంట్లో తెల్లటి భాగం కనబడేలా ఓరగా చూడడం, ఇవన్నీ బెదురుకు గుర్తులు కావచ్చట. పిల్లయితే ఒకే చోట బొచ్చు ఊడిపోయేదాకా నాక్కుంటుందట. ఆ రోజు నుంచీ ఇంట్లో ఎవరు ఆవలించినా టైము చూసి రాసిపెట్టుకుంటున్నాను. మా ఆవిడ నా ఎదుట ఆవలించడం మానేసింది.

వైద్యం నూనెతో మొదలైంది. ప్రకృతి నుంచి వచ్చింది ఏదైనా మంచిదేనన్నది మా ఇంటి సిద్ధాంతం. (ఈ లెక్కన లిలియం జాతి లిల్లీ పూలూ మంచివే కావాలి. వాటి పుప్పొడి ఒంటికి అంటుకుని, దాన్ని నాకినా పిల్లి కిడ్నీలు పాడైపోవచ్చు. పాము విషం మాత్రం? నూటికి నూరుపాళ్లూ ఆర్గానిక్.) నూనెల వాసనను ఆవిరిగా గదంతా చిమ్మే డిఫ్యూజర్ తెచ్చి, అందులో నాలుగు రకాల సుగంధ నూనెలు పోసి, గది తలుపులు మూసి, దీపం తగ్గించి కూర్చున్నాను. పది నిమిషాల్లో నా భుజాలు దిగాయి. ఊపిరి నెమ్మదించింది. లోకం మీద కోపం పోయింది. టైగర్ తలుపును గోళ్లతో గీకుతున్నాడు. విషం బయటికి పోతోంది కాబోలు అనుకున్నాను.

మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50 నుంచి 60 లక్షల దాకా ఉంటాయని, కుక్క ముక్కులో 30 కోట్ల దాకా ఉండొచ్చని అంచనా. నాకు 'ఆహా, సన్నగా సువాసన' అనిపించింది వాడికి ఎలా తగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి. పిల్లికైతే ఇబ్బంది ముక్కుతో ఆగదు. ఇలాంటి నూనెల్లో ఉండే ఫినాల్ తరహా పదార్థాలను విరిచి బయటికి పంపే ఎంజైమ్ దాని కాలేయంలో సరిగా పనిచేయదు. ఆవిరి తుంపర్లు బొచ్చు మీద పడతాయి, పిల్లి శుభ్రత కొద్దీ బొచ్చు నాక్కుంటుంది, నూనె కడుపులో చేరుతుంది. నేను పోసిన నాలుగింట్లో టీ ట్రీ నూనె కూడా ఉంది. అది పిల్లులకూ కుక్కలకూ కూడా విషమేనని వెటర్నరీ డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు.

"డిఫ్యూజర్ ఎవరి కోసం పెట్టారు?" అని అడిగారు డాక్టర్ గారు.

"పిల్లి కోసమే సార్."

"అప్పుడు పిల్లి ఎక్కడుంది?"

"బాల్కనీలో."

"గదిలో ఎవరున్నారు?"

"నేనున్నాను సార్."

ఆయన ఏమీ అనలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. పిల్లి పేరు రాశారో, నా పేరు రాశారో చూడలేకపోయాను. తర్వాత పిల్లి మూత్రం పరీక్షకు పంపించారు. దిండు మీద పోసే పిల్లికి కోపమే ఉండాలని లేదట, మూత్రాశయం వాచి ఉన్నా అలాగే చేస్తుందట. నొప్పి లేదని తేలాకే మనసు సంగతి చూడాలన్నారు. అవసరమైతే ఆందోళనకు మందులున్నాయని, ఒంటరిగా ఉండలేని కుక్కల కోసం ఫ్లూఆక్సెటిన్ అనే మందుకు అమెరికాలో 2007లోనే అనుమతి ఇచ్చారని కూడా చెప్పారు.

"మేం నేచురల్‌గానే పోదామనుకుంటున్నాం సార్" అన్నాను.

"భయం కూడా నేచురలేనండీ" అన్నారు ఆయన.

అయినా వెనక్కి తగ్గలేదు. పూల చుక్కలు తెచ్చాం. 1930లలో ఎడ్వర్డ్ బాక్ అనే ఇంగ్లాండ్ వైద్యుడు కనిపెట్టిన పద్ధతి ఇది. నీళ్లలో పూలు వేస్తారు, ఆ నీళ్లను బ్రాందీలో కలుపుతారు, అందులోంచి కొంచెం తీసి మళ్లీ పల్చన చేస్తారు. పువ్వు జ్ఞాపకం మాత్రం మిగిలాక సీసాకు మూత పెడతారు. మనుషుల మీద చేసిన పరీక్షలను తర్వాత కూర్చి చూస్తే, ఇవి ఉత్తుత్తి మందుకన్నా మెరుగ్గా పనిచేసిన దాఖలా దొరకలేదు. మా ఇంట్లో మాత్రం అద్భుతంగా పనిచేశాయి. నాలుగు చుక్కలు పడగానే "చూడండి, ఎంత కుదురుగా కూర్చున్నాడో" అంది మా ఆవిడ. నాకూ అలాగే కనబడింది. ఈ జబ్బుకు పేరుంది: 'కేర్‌గివర్ ప్లాసిబో', అంటే సాకేవాళ్ల కంటికే మందు పనిచేసినట్టు కనబడడం. 2012లో కీళ్లనొప్పుల కుక్కల మీద వచ్చిన ఒక పరిశోధనలో, ఉత్తుత్తి మందు తిన్న కుక్కలు బాగా నడుస్తున్నాయని యజమానులే కాదు, డాక్టర్లు కూడా చెప్పారు. కాలు నేల మీద మోపే బరువును కొలిచే యంత్రం ఒక్కటే ఒప్పుకోలేదు. యంత్రానికి కుక్క మీద ప్రేమ ఉండదు గదా.

సంగీతం గురించి క్లుప్తంగా చెబుతాను. బెల్‌ఫాస్ట్‌లో 2002లో షెల్టర్ (దిక్కులేని జంతువుల ఆశ్రయం) కుక్కలకు శాస్త్రీయ సంగీతం వినిపిస్తే ఎక్కువసేపు విశ్రాంతిగా పడుకున్నాయి, హెవీ మెటల్ పెడితే మొరిగాయి. 2017లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు సాఫ్ట్ రాక్, రెగే కూడా నచ్చుతాయన్నారు, పైగా రోజూ అదే పెడితే విసుగుపుడుతుందన్నారు. ఇప్పుడు ఇంట్లో స్పీకర్ టైగర్ పేరు మీద ఉంది. ఒళ్లు బిగించి చుట్టే చొక్కా కూడా కొన్నాం. కొన్ని కుక్కలకు అది ఎంతో కొంత ఊరట ఇస్తుందంటారు. టైగర్ దాన్ని తొడుక్కుని విగ్రహంలా నిలబడ్డాడు. ఎంత ప్రశాంతత అనుకుని ఫొటోలు తీశాం. భయంతో కొయ్యబారిపోవడం అంటే అదేనని తర్వాత చదివాను.

చివరికి అసలైన పద్ధతి దగ్గరికి వచ్చాం. కుక్క భయపడే శబ్దాన్ని రికార్డు చేసి, అది పట్టించుకోనంత మెల్లగా వినిపించాలి. వినిపిస్తున్నంతసేపూ ఇష్టమైన తిండి పెట్టాలి. కొన్ని రోజులకు ఒక్క గీత పెంచాలి. చెవులు వెనక్కి పోతే మళ్లీ ఒక గీత తగ్గాలి. ఇలా వారాలు, నెలలు. మనుషుల భయాలకు ఈ మెట్ల వైద్యాన్ని 1950లలో పద్ధతిగా తయారుచేసింది దక్షిణాఫ్రికాకు చెందిన మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే. ఆయన దాన్ని ముందుగా పిల్లుల మీద చూశారు. పంజరంలో కరెంటు షాకులిచ్చి వాటిని బెదరగొట్టి, ఆ భయాన్ని పోగొట్టడానికి దూరంగా మొదలుపెట్టి కొంచెం కొంచెం దగ్గరగా తిండి పెట్టుకుంటూ వచ్చారు. విమానం ఎక్కడానికి వణికే మనిషికి ఈ రోజు చేస్తున్న వైద్యంలో ఆ పిల్లుల వాటా ఉందన్నమాట. నా దిండు సంగతి ఆ ఖాతాలో జమ వేసుకున్నాను.

టైగర్‌కు మొదటి రోజు మెల్లగా వినిపించాను. వాడు తోక ఊపాడు. నాకు ఓపిక అయిపోయింది. రెండో రోజే వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. దాంతో వాడికి ఉరుమంటే ఉన్న భయం అలాగే ఉంది, స్పీకరంటే కొత్త భయం పట్టుకుంది. ఆ స్పీకర్ పక్కన తిండి గిన్నెతో నవ్వుతూ నిలబడ్డ నేనంటే కూడా.

స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో 58 కుక్కల బొచ్చునూ, వాటి యజమానుల జుట్టునూ పరీక్షించారు. ఒత్తిడి పెరిగితే ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ జుట్టులో నెలల తరబడి నిలవ ఉంటుంది. యజమాని జుట్టులో ఎక్కువ ఉంటే కుక్క బొచ్చులోనూ ఎక్కువే ఉంది. ఆ లెక్కన టైగర్ బొచ్చు దువ్వితే నా ఆఫీసు రాలుతుంది, నా లోను రాలుతుంది, రాత్రి పన్నెండింటికి నేను ఫోన్‌లో చదివే 'కుక్కల్లో ఆందోళన: ఇరవై లక్షణాలు' రాలుతుంది. ఇది చదివి డాక్టర్ గారికి ఫోన్ చేశాను. "రోజూ ఒకే వేళకు నడకకు తీసుకెళ్లండి, ఎంతసేపు కావాలంటే అంతసేపు వాసన చూడనివ్వండి, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లండి" అన్నారు. ఇందులో కొనడానికి ఏమీ లేకపోయేసరికి నాకు నమ్మకం కుదరలేదు.

మొన్న రాత్రి గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. డిఫ్యూజర్ లేదు, స్పీకర్ లేదు, చొక్కా చీకట్లో ఎక్కడుందో తెలియదు. ఫోన్‌లో చార్జింగ్ లేదు. చేసేదేమీ లేక మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. పిల్లి అప్పటికే స్పీకర్ తాలూకు అట్టపెట్టెలో దూరి పడుకుంది. (షెల్టర్‌కు కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో పదింటికి దాక్కునే పెట్టెలిస్తే, అవి మిగతా వాటికన్నా త్వరగా కుదుటపడ్డాయని 2014లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు రాశారు. మేం స్పీకర్ కొన్నాం.) ఉరుముతోంది. కాసేపటికి మంచం కింది నుంచి ముక్కు వచ్చింది, వెనకే తల వచ్చింది. గడ్డం నా పాదం మీద ఆనింది. వణుకు మెల్లగా తగ్గింది. నేను కదల్లేదు.

వాడు కళ్లు మూసుకోబోతూ నోరంతా తెరిచి ఒక్కసారి ఆవలించాడు.

తర్వాత వాడు గుర్రు పెట్టి నిద్రపోయాడు. అది నిద్రకు వచ్చిన ఆవలింతో, ఆందోళనకు వచ్చిన ఆవలింతో తేల్చుకోలేక నేను తెల్లారేదాకా ఆ చీకట్లో అలాగే కూర్చున్నాను.